పని చోట ప్రాణం పోతే కోర్టు ఏ శిక్ష వేస్తుంది?

(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో "బాగా చదవండి, పైకి రండి" అని చెప్పడం ఆనవాయితీ. ఆ మాట నాకన్న ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. నేను వేరే విషయం మాట్లాడతానని ట్రస్టు వారిని ముందే అడిగాను, వారు ఒప్పుకొన్నారు. శుభమా అని పిల్లలు చెక్కులు అందుకొనే రోజున చావుల సంగతి ఏమిటని ఎవరైనా అనుకొంటే మన్నించండి. చివరిదాకా వింటే నేను ఎందుకు ఎంచుకొన్నానో మీకే అర్థమవుతుంది.

మన పావగడ తాలూకుకు మూడు పక్కలా ఆంధ్ర ఉంది. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో కన్నడం చదువుతాం. వాన నమ్ముకొని శెనక్కాయ వేస్తే పంట చేతికొచ్చే దాకా నమ్మకం లేదు. అందుకే మన పిల్లలు బెంగళూరుకో, తుమకూరుకో, హిందూపురానికో పనికి పోతారు. తిరుమణి చుట్టుపక్కల ఐదు ఊళ్లలో దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చిన తరువాత కొందరికి ఊరి పక్కనే పని దొరికింది. ఫ్యాక్టరీలోనో, కట్టడాల దగ్గరో, క్వారీలోనో పనిచేసే మనిషి లేని ఇల్లు మనలో తక్కువ. ఆ పని చోట యజమాని చేయవలసిన జాగ్రత్త చేయక ఒక మనిషి పోతే చట్టం ఏం చేస్తుంది? ఇది మనందరికీ తెలియవలసిన సంగతి.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

ముందుగా నా అనుభవంలోని ఒక కేసు చెబుతాను. పేర్లు, ఊరు చెప్పను. 2011లో మన తాలూకు కుర్రవాడొకడు, 22 ఏళ్లవాడు, బయటి జిల్లాలోని ఒక ఫ్యాక్టరీలో ప్రెస్సు యంత్రం మీద పనిచేస్తూ చనిపోయాడు. యంత్రంలో కదిలే భాగానికి అడ్డుగా ఉండవలసిన గార్డును, పని నిదానమవుతోందని ఎవరో విప్పించారు. విప్పి మూలన పెట్టిన ఆ ఇనుప గార్డును నేను కళ్లారా చూశాను.

దాని మీద మూడు వ్యవహారాలు నడిచాయి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు 1948 ఫ్యాక్టరీల చట్టం కింద యజమాని మీద, మేనేజరు మీద కోర్టులో ఫిర్యాదు వేశారు. పోలీసులు నిర్లక్ష్యం వల్ల మరణం అని వేరే కేసు పెట్టారు. తల్లి తరఫున నేను నష్టపరిహారం అర్జీ వేశాను. పోలీసు కేసులో సాక్షులు తోటి పనివాళ్లే. వాళ్లు ఇంకా అక్కడే పనిచేస్తున్నారు. కోర్టులో "మాకేం తెలియదు" అన్నారు. వాళ్లను నేను తప్పు పట్టను, వాళ్లకూ ఇల్లూ పిల్లలూ ఉన్నారు. కేసు కొట్టేశారు.

ఇన్‌స్పెక్టరు కేసులో యజమాని, మేనేజరు నేరం ఒప్పుకొన్నారు. జడ్జిగారు ఒక్కొక్కరికి 30,000 రూపాయల జరిమానా వేశారు. మధ్యాహ్నం లోపల కట్టేసి వెళ్లిపోయారు. ఆ చట్టంలో అలాంటి మరణానికి జరిమానా 25,000కు తగ్గకూడదు, లక్ష దాటకూడదు. జైలు అయితే రెండేళ్ల దాకా వేయవచ్చు. అంటే జడ్జిగారు చట్టం దాటి ఏమీ చేయలేదు. కోర్టు బయట వేపచెట్టు కింద ఆ తల్లి నన్ను అడిగింది: "ఆ దుడ్డు ఎవరికి పోతుంది సార్?" సర్కారుకు పోతుందమ్మా అన్నాను. "సచ్చిపోయిండేది నా కొడుకు గదా సార్?" అంది. నా దగ్గర జవాబు లేదు. జవాబు ఉండవలసింది. ఆ సంగతి చివర చెబుతాను.

శిక్ష వేరు, పరిహారం వేరు

మన జనం "కోర్టు ఎంత వేసింది?" అని ఒకే మాట అడుగుతారు. అందులో రెండు ప్రశ్నలున్నాయి. తప్పు చేసినవాడికి శిక్ష ఎంత అన్నది ఒకటి, ఇంటివాళ్లకు పరిహారం ఎంత అన్నది ఇంకొకటి. రెండింటికీ లెక్కలు వేరు. పరిహారానికి ఎవరి తప్పో రుజువు చేయనక్కరలేదు. పని చేస్తుండగా, పని వల్ల ప్రమాదం జరిగిందంటే చాలు. నెల కూలిలో సగాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో గుణిస్తారు. 22 ఏళ్లకు ఆ అంకె 221.37.

ఆ కుర్రవాడు నిజంగా తీసుకొన్నది నెలకు 7,500. ఆ లెక్కన సుమారు 8,30,000 రావాలి. కానీ ఫ్యాక్టరీ పుస్తకంలో రాసింది 4,500. మిగిలింది చేతికిచ్చేవారు. మా దగ్గర కాగితం లేదు. ఆ ప్రాంతానికి అప్పటికి ఈఎస్‌ఐ కూడా రాలేదు. చివరికి వచ్చింది సుమారు 4,98,000. పుస్తకంలో తక్కువ రాసినందుకు ఆ ఇల్లు మూడు లక్షలకు పైగా పోగొట్టుకొంది. 1923 నాటి పరిహారం చట్టంలోని ఈ లెక్క పద్ధతే ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లోకి వచ్చింది. ఈఎస్‌ఐ ఉన్న చోట దీనికి బదులు ఆధారపడినవాళ్లకు నెలనెలా పింఛను వస్తుంది.

భోపాల్ నేర్పిన పాఠం

ఇక శిక్ష సంగతి. మన దేశంలో పని చోట జరిగిన నిర్లక్ష్యానికి శిక్ష ఎలా పడుతుందో తెలుసుకోవాలంటే భోపాల్ కేసు చదవాలి. 1984 డిసెంబరు 2 రాత్రి తెల్లవారితే 3వ తేదీ, యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసయనేట్ వాయువు వెలువడింది. వేల మంది చనిపోయారు. అంతకు రెండేళ్ల ముందే, 1982లోనే, ఆ ఫ్యాక్టరీ ప్రమాదకరంగా ఉందని రాజ్‌కుమార్ కేశ్వానీ అనే స్థానిక పాత్రికేయుడు పత్రికలో రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు.

తీర్పు వచ్చింది 2010 జూన్ 7న. భారతీయ కంపెనీ అధికారులు ఏడుగురికి రెండేళ్ల జైలు, ఒక్కొక్కరికి సుమారు లక్ష రూపాయల జరిమానా. కంపెనీకి 5 లక్షల జరిమానా. అదే రోజు బెయిలు మీద ఇళ్లకు వెళ్లారు. దేశమంతా మండిపడింది. వేల ప్రాణాలకు రెండేళ్లా అని అందరూ జడ్జిని అన్నారు. కానీ ఆ సెక్షన్ కింద రెండేళ్లే గరిష్ఠం. జడ్జి వేయగలిగినదంతా వేశారు.

మరి అంత చిన్న సెక్షన్ కిందికి కేసు ఎలా వచ్చింది? మొదట పెట్టిన ఆరోపణ పెద్దదే. చావు జరగవచ్చని తెలిసీ చేశారు అన్నది ఆ ఆరోపణ. దానికి పదేళ్ల దాకా జైలు ఉంది. 1996 సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు దానిని తగ్గించింది. ఆ రాత్రి ప్లాంటు నడిపితే జనం చస్తారని తెలిసే నడిపారనడానికి తన ముందున్న కాగితాల్లో ప్రాథమిక ఆధారం లేదని చెప్పి, నిర్లక్ష్యం వల్ల మరణం అనే 304-ఏ సెక్షన్‌కు మార్చింది. తీర్పు వచ్చిన తరువాత సీబీఐ మళ్లీ సుప్రీంకోర్టుకు పోయింది. విచారణలో కొత్త ఆధారం బయటపడి ఉంటే పెద్ద కోర్టుకు పంపే అధికారం కింది కోర్టుకు ఎప్పుడూ ఉండిందని, 1996 తీర్పు దానికి అడ్డు కాదని చెప్పి, 2011 మే 11న ఆ అర్జీ కొట్టేశారు. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది.

దీని నుంచి మనం గ్రహించవలసింది ఏమంటే, శిక్ష ఎంత అన్నది చాలావరకు తీర్పు రోజున నిర్ణయం కాదు. ఏ సెక్షన్ పెట్టారు, దానికి తగిన కాగితం మొదటి రోజుల్లో సేకరించారా లేదా అన్నదానితోనే సగం తేలిపోతుంది. యజమానికి ప్రమాదం ముందే తెలుసు అనడానికి రుజువు గాలిలో దొరకదు. ఒక ఇంజనీరు రాసిన హెచ్చరిక, ఒక సూపర్‌వైజరు రిజిస్టరులో పెట్టిన గురుతు, ఒక ఇన్‌స్పెక్టరు ఇచ్చిన నోటీసు – ఇవే రుజువులు.

ఇంకొకటి. భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టం సవరించి, ప్రమాదకర ప్రక్రియల్లో నియమాలు మీరితే ఏడేళ్ల దాకా జైలు పెట్టారు. కానీ అది భోపాల్ నిందితులకు వర్తించదు. నేరం జరిగిన రోజున ఉన్న చట్టం కన్న ఎక్కువ శిక్ష వేయకూడదని మన రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది. చట్టం ఎప్పుడూ చచ్చిపోయినవాళ్ల తరువాత వచ్చేవాళ్ల కోసమే మారుతుంది.

కోర్టు ఏమేమి తూచాలి?

సెక్షన్ ఇచ్చేది గరిష్ఠం, కొన్ని చోట్ల కనిష్ఠం మాత్రమే. మధ్యలో ఎక్కడ ఆగాలన్నది జడ్జి విచక్షణ. అక్కడ చూడవలసినవి ఇవి: ప్రమాదం ముందే తెలుసా, ఎవరైనా హెచ్చరించారా, ఖర్చు మిగుల్చుకోవడానికో పని తొందరకో జాగ్రత్త వదిలేశారా, ఇంతకు ముందు ఇలాంటి తప్పు చేశారా, ఆ తరువాత దిద్దుకొన్నారా, నేరం ఒప్పుకొన్నారా, విచారణకు సహకరించారా. నేను చెప్పిన కేసులో గార్డు తనంతట తాను ఊడిపోలేదు, పని తొందరకు విప్పించారు. ఈ రెండింటికీ శిక్షలో తేడా ఉండాలి. ఉండలేదు.

ఇంగ్లండులో 2016 ఫిబ్రవరి నుంచి ఈ నేరాలకు ఒక పట్టిక ఉంది. తప్పు ఎంత పెద్దది, ఎంత హాని జరిగే అవకాశం కల్పించారు, కంపెనీ ఏడాది వ్యాపారం ఎంత అన్నవి చూసి అందులో గడి వెతుకుతారు. అన్నిటికన్న పెద్ద తప్పుకు అతి చిన్న సంస్థకైతే లెక్క రెండున్నర లక్షల పౌండ్ల దగ్గర మొదలవుతుంది, పెద్ద కంపెనీకైతే 40 లక్షల పౌండ్ల దగ్గర. కోట్ల వ్యాపారం ఉన్నవాడికి 30,000 జరిమానా ఒక మధ్యాహ్నం ఖర్చు. అందుకే వాళ్లు కంపెనీ శక్తిని కూడా తూస్తారు. అక్కడ ఎవరూ చావకపోయినా, చావుకు అవకాశం కల్పించడమే నేరంగా శిక్షిస్తారు. మన దేశంలో అలాంటి పట్టిక లేదు. కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన మళీమఠ్ గారి కమిటీ 2003లోనే శిక్షలకు మార్గదర్శకాలు కావాలని సిఫారసు చేసింది.

అయితే చావు కోసం ఎదురు చూడని చట్టం మనకూ ఒకటి ఉంది. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకో మురుగు కాలువలోకో దించితే, అతను క్షేమంగా బయటికి వచ్చినా సరే, దించినవాడికి రెండేళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ చేస్తే అయిదేళ్లు, 5 లక్షలు. ఈ పోరాటం నడిపినవారిలో ముఖ్యులు బెజవాడ విల్సన్ గారు కోలార్ బంగారు గనుల్లో, మన లాంటి తెలుగు ఇంట్లోనే పుట్టారు. మురుగు పనిలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న దానిని 30 లక్షలు చేసింది. ఊర్లో ఎవరైనా "అన్నా, ఒక గంట పని, దిగి రా" అంటే, దిగవద్దని చెప్పే హక్కు మనకుంది. దించడమే నేరం అని కూడా చెప్పండి.

ఇప్పటి చట్టం

2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. నిర్లక్ష్యం వల్ల మరణానికి రెండేళ్లుగా ఉన్న గరిష్ఠం ఇప్పుడు అయిదేళ్లు. 2025 నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీలు, గనులు, కట్టడాలు మొదలైన వాటికి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమలులోకి వచ్చింది. యజమాని విధి తప్పడం వల్ల మరణం జరిగితే రెండేళ్ల దాకా జైలు లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా లేదా రెండూ. తీవ్రమైన గాయమైతే ఏడాది దాకా జైలు లేదా 2 నుంచి 4 లక్షల జరిమానా లేదా రెండూ. ఇంకా ముఖ్యమైనది, ఆ జరిమానాలో సగానికి తక్కువ కాకుండా బాధితుడికి, లేదా అతని వారసులకు ఇప్పించవచ్చని అందులో రాశారు. ఆ తల్లి ప్రశ్నకు చట్టం ఇన్నాళ్లకు కొంత జవాబు చెప్పింది.

కానీ అక్కడ ఉన్న మాట "ఇప్పించవచ్చు". "ఇప్పించాలి" కాదు. అడగకపోతే జరగకపోవచ్చు.

అందరూ ఒకటి గమనించండి. విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది పోయారు. ఫ్యాక్టరీలో సైరన్ ఉండీ మోగించలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ రాసింది. మరునాడే హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు కట్టమంది. కానీ అది శిక్ష కాదు, నష్టానికి ముందుగా జమ చేయించిన సొమ్ము. 2025 జూన్ 30న హైదరాబాదు దగ్గర పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయారు. పొట్టకూటికి బిహారు, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు. మన పిల్లలు బెంగళూరుకు పోయినట్టే వాళ్లు వచ్చారు. ఆ ప్రమాదం కొత్త కోడ్‌కు అయిదు నెలల ముందు జరిగింది కాబట్టి, 20వ అధికరణం ప్రకారం కొత్త కోడ్‌లోని పెద్ద జరిమానాలు దానికి వర్తించవు.

నేను అడగనిది

ఇప్పుడు నేను దాచిన మాట చెబుతాను. జరిమానా సొమ్ములో నుంచి చనిపోయినవాని కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు 2011లో కూడా ఉంది. పాత నేర విచారణ చట్టం 357వ సెక్షన్‌లో అది స్పష్టంగా ఉంది. ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 395వ సెక్షన్‌గా ఉంది. ప్రతి నేరం కేసులోనూ కోర్టులు పరిహారం గురించి తప్పక ఆలోచించాలని 2013 మే నెలలో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అది చదివిన రోజు నాకు వేపచెట్టు గుర్తుకొచ్చింది.

ఆ రోజు నేను కోర్టు హాలులో వెనక బెంచీ మీద కూర్చొని ఉన్నాను. అది ఇన్‌స్పెక్టరు వేసిన కేసు, అందులో మేం కక్షిదారులం కాము, మనకెందుకు అనుకొన్నాను. లేచి నిలబడి "అయ్యా, ఈ జరిమానాలో కొంత ఈ తల్లికి ఇప్పించండి" అని ఒక చిన్న అర్జీ ఇచ్చి ఉంటే జడ్జిగారు ఇచ్చేవారేమో, ఇవ్వకపోయేవారేమో. నేను అడగలేదు. 60,000 రూపాయలు ఆమెకు చిన్న మొత్తం కాదు. తరువాత ఆమె ఇంటికి పోయి ఈ సంగతి చెప్పాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. "ఇంకొకరికి అడుగు నాయనా" అంది. ఈ రోజు ఇక్కడ నిలబడి మాట్లాడుతున్నది ఆ మాట కోసమే.

తల్లిదండ్రులకు, పిల్లలకు మనవి

తల్లిదండ్రులకు నా మనవి. బిడ్డ పనికి పోయే ముందు నియామక పత్రం అడిగించండి. అసలు యజమాని ఎవరు, మేస్త్రీ ఎవరు, పని చోటు ఎక్కడ, ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. కూలి బ్యాంకులో పడేటట్టు చూసుకోండి. చేతికిచ్చే కూలికి కోర్టులో నోరు లేదు. ఈఎస్‌ఐ నంబరు ఉందేమో అడగండి. కట్టడం పనివాళ్లు సంక్షేమ మండలిలో పేరు రాయించుకోండి. ప్రమాదం జరిగితే యజమాని మనిషి కవరు తెచ్చి సంతకం అడుగుతాడు. చదవకుండా సంతకం చేయకండి. ఎఫ్‌ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక తీసుకోండి. లాయరు ఫీజుకు భయపడకండి. తాలూకు కోర్టులోని న్యాయ సేవల సమితిలో ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పని మనుషులకు ఉచిత సహాయం ఉంది.

పిల్లలారా, మీలో ఐటిఐ చదివేవాళ్లున్నారు, డిప్లొమా, ఇంజనీరింగు, నర్సింగు, లా చదివేవాళ్లున్నారు. రేపు మీలో ఒకరు ఆ ప్రెస్సు దగ్గర సూపర్‌వైజరుగా నిలబడతారు. గార్డు విప్పమని పైనుంచి మాట వస్తుంది. అప్పుడు కాదని చెప్పండి. చెప్పినా వినకపోతే తారీఖు వేసి రిజిస్టరులో రాయండి. ఆ ఒక్క వరుస ఒక ప్రాణం కాపాడవచ్చు. కాపాడలేకపోతే, కోర్టులో నిజం చెప్పేది అదొక్కటే. మీలో ఒకరు ఇన్‌స్పెక్టరు అవుతారు, చూసింది చూసినట్టు రాయండి. ఒకరు లాయరు అవుతారు, వెనక బెంచీ మీద కూర్చోకండి, లేచి అడగండి. ఒకరు జడ్జి అయితే, అడగకపోయినా ఇప్పించండి.

ఈ ట్రస్టు ఇచ్చే విద్యార్థి వేతనం దాతలు కష్టపడి సంపాదించిన సొమ్ము. వాళ్లలో చాలామంది ఒకప్పుడు పనికి పోయినవాళ్లే. వాళ్ల రుణం తీర్చుకోవడానికి ఇంతకన్న మంచి దారి నాకు తోచడం లేదు.